కొలతకు పోయిన పిల్ల

మొన్న మధ్యాహ్నం మనవడు నా మంచం అంచున కూర్చుని తన ఫోన్ నా కళ్ళ ముందు పెట్టాడు. అందులో రెండు సైకిళ్ళ బొమ్మలు. ఒకటి గులాబి రంగుది, ఒకటి నీలం. క్రిస్మస్‌కు కూతురికి కొనిస్తాడట. పిల్లకు ముందు చెప్పకుండా తెచ్చి, చర్చి నుంచి వచ్చేసరికి ఇంటి ముందు నిలబెడతాడట.

"ఏది బాగుందో నువ్వు చెప్పు అవ్వా" అన్నాడు.

"పిల్లను తోల్కపోయి ఎక్కిచ్చి చూడు. కాళ్ళు అందుతయో లేదో."

"గట్ల చేస్తే దానికి ముందే తెలుస్తది గద. గా ఈడు పిల్లను ఇంకెవరినన్న ఎక్కిచ్చి చూస్తలే."

వాడు రెండుసార్లు అడిగాక నీలంది బాగుందన్నాను. వాడు వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆ మంచం మీదనే పొద్దు వాలేదాకా కూర్చున్నాను. నాకు చూపు సగం పోయింది, పళ్ళు లేవు, నాతోపాటు ఆ రోజులు చూసిన మనిషి ఒక్కరూ మిగల్లేదు. ఇక చెబితే నేనే చెప్పాలి.

గద్వాలలో అప్పుడు మిషన్ వాళ్ళ చిన్న దవాఖాన ఒకటుండేది. నాలుగు గదులు, ముందు పొడుగాటి వసారా, చుట్టూ నా తలకు మించిన రాతి గోడ. లోపలికి అడుగు పెడితే ఫినాయిలు వాసన ముక్కుకు తగిలేది. దాని వెనకే ఉడుకుతున్న గుడ్డల వాసన. ఆ గుడ్డలు ఉడకబెట్టేది మా అవ్వే, మా నాయన తల్లి. గదులు ఊడ్చేది, కట్లు కట్టిన గుడ్డలు ఉతికి తీగల మీద ఆరేసేది. దవాఖాన వెనక ఒక రేకుల కొట్టంలో అవ్వా నేనూ ఉండేవాళ్ళం.

మాకు మా గేరిలో, అంటే ఊరి బయటి మా వాడలో, సొంత గుడిసె ఉండేది. దానికి తాళం. అమ్మా నాయనా దసరా వెళ్ళగానే మేస్త్రి వెంబడి తుంగభద్ర అవతల కట్ట పనికి పోయారు. మా వైపు వానలు కురిసినన్నాళ్ళే పని. చేను కోసుకున్నాక గేరికి గేరే మూటలు కట్టుకుని వెళ్ళిపోయేది. "కిస్మీసు పండుగకు వస్తం బిడ్డా, అవ్వను సతాయించకు" అని అమ్మ చెప్పి పోయింది. ఆదివారం ప్రార్థన అయ్యాక నేను ఒక్కదాన్నే గేరికి పోయి మా గుడిసె తాళం చూసి వచ్చేదాన్ని. తలుపు సందులో కన్ను పెడితే లోపల ఇసుర్రాయి కనిపించేది. దాని మీద దుమ్ము. ఇంకేమీ ఉండేది కాదు చూడటానికి. అయినా ప్రతి ఆదివారం పోయేదాన్ని.

దవాఖానలో డాక్టరమ్మ మాట మాకు వింతగా ఉండేది. ఆమెది సముద్రం వైపు ఊరు. "ఏమండీ", "వెళ్ళండి" అంటుంటే రోగులు తమను కాదనుకుని వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. తెల్ల చీర, చేతికి గడియారం, మొహంలో నవ్వు తక్కువ. భర్త చనిపోయాడు. ఒక్కతే కూతురు. మద్రాసులో అమ్మమ్మ దగ్గర చదువుకునేది. ఏడాదికొకసారి క్రిస్మస్‌కు వచ్చేదట. ఒక ఏడు ఇక్కడ కలరా గత్తర లేచిందని డాక్టరమ్మే రావద్దంది. తర్వాతి ఏడు ఆ అమ్మమ్మకు జబ్బు చేసింది. అట్లా మూడేళ్ళు కావచ్చింది తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకుని. కూతురి గది మాత్రం అట్లాగే ఉండేది. అవ్వ రోజూ దాని తాళం తీసి ఊడ్చి, మళ్ళీ తాళం వేసేది. లోపల ఇనుప మంచం, తెల్లటి దుప్పటి, బల్ల మీద రెండు జడల చిన్నపిల్ల ఫోటో.

నేను మంచిపిల్లనేం కాదు. దగ్గు మందులో కలిపే పాకం సీసా మూత తీసి వేలు ముంచి నాకేదాన్ని. ఖాళీ సీసాల బిరడాలు ఏరి చెంగున కట్టుకునేదాన్ని. అన్నిటికంటే పెద్ద దొంగతనం ఆ గదిది. మధ్యాహ్నం అవ్వ కునుకు తీస్తున్నప్పుడు ఆమె బొడ్లోంచి తాళంచెవి లాగి, ఆ గది తీసుకుని ఆ ఇనుప మంచం మీద పడుకునేదాన్ని. మంచం కిందికీ పైకీ ఊగేది. దుప్పటికి సబ్బు వాసన. కళ్ళు మూసుకుంటే నాకూ ఎక్కడో ఒక తల్లి గది సర్ది పెట్టి ఎదురుచూస్తున్నట్టుండేది.

ఒకనాడు అట్లాగే నిద్ర పట్టేసింది. కళ్ళు తెరిచేసరికి డాక్టరమ్మ గడపలో నిలబడి ఉంది. అవ్వ ఆమె వెనక చేతులు జోడించింది. "పోరి తెల్వక చేసింది తల్లీ, దుప్పటి మళ్ళ ఉతుకుత, జర మాఫ్ చెయ్యి" అంటోంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. నా కాళ్ళు మంచం మీద ఎంత దాకా వచ్చాయో చూస్తోంది.

"లే. అక్కడ గోడకి ఆనుకుని నిలబడు" అంది.

నిలబడ్డాను. దగ్గరికొచ్చి నా నెత్తి మీద అరచెయ్యి పెట్టింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. "మా అమ్మాయి నీకంటే రెండేళ్ళు పెద్ద. కానీ పొట్టి. వచ్చేటప్పటికి నీ కంటే రెండు వేళ్ళు ఎత్తుంటుందేమో, అంతే" అని తనలో తాను అనుకున్నట్టు అంది. తర్వాత అవ్వ వైపు తిరిగి, "శనివారం దీన్ని నాతో కర్నూలు పంపించు. సాయంత్రానికి తీసుకొచ్చేస్తాను" అంది.

కూతురికి క్రిస్మస్‌కు సైకిలు కొనాలట. దాని ఎత్తు చూడటానికి నేను కావాలట.

శనివారం పొద్దున్నే డాక్టరమ్మ కూతురు విడిచిన గౌను, బూట్లు నాకు తొడిగించింది. గౌను సరిగ్గా సరిపోయింది. బూట్లు కొంచెం కరిచాయి. అవ్వ నన్ను పక్కకు లాగి, "ఏమడిగినా అవునమ్మ అను. నువ్వు మాత్రం ఏది అడగకు, సమజైందా" అని చెప్పింది. నేను తలూపాను.

రైలు ఎక్కడం నాకదే మొదలు. బొగ్గు నుసి కంట్లో పడుతున్నా కిటికీ వదల్లేదు. డాక్టరమ్మ తువ్వాలు తడిపి కన్ను తుడిచింది, బిస్కెట్లు ఇచ్చింది. తుంగభద్ర వంతెన మీదికి రాగానే నేను నీళ్ళకేసి చూసి, "మా అమ్మోళ్ళు గీ నీళ్ళకే కట్ట కడుతున్నరు" అన్నాను.

"ఎప్పుడొస్తారు?"

"కిస్మీసుకు."

"మా అమ్మాయి కూడా" అంది. కాసేపటికి సంచీలోంచి ఒక పాత ఉత్తరం తీసి, విప్పకుండానే చేతిలో పట్టుకుని, "సైకిల్ కావాలని ఇందులో అడిగింది. చాలా రోజులైందిలే. ఇన్నాళ్ళకు కుదిరింది" అంది. ఆ రైల్లో ఆమె నాతో మాట్లాడిందా, ఉత్తరంతోనా అన్నది నాకు తెలియలేదు.

కర్నూలులో ఒక సాయిబు దుకాణం. రబ్బరూ నూనే కలిసిన వాసన. పెద్ద సైకిళ్ళు కొక్కేలకు వేలాడుతున్నాయి. పిల్లలవి రెండే ఉన్నాయి. రెండూ మద్రాసు నుంచి తెప్పించినవేనట. ఒకటి ఆకుపచ్చది, కాస్త పెద్దది. ఒకటి నల్లది, చిన్నది. డాక్టరమ్మ రోగిని చూసినట్టే వాటిని చూసింది. చక్రం తిప్పి చెవి పెట్టి విన్నది, బ్రేకు నొక్కింది, సీటు వేళ్ళతో తట్టింది.

ముందు నన్ను నల్లదాని మీద కూర్చోబెట్టారు. రెండు పాదాలూ నేలకు చక్కగా ఆనాయి. సాయిబు వెనక పట్టుకుని దుకాణం ముందు నాలుగడుగులు తోశాడు. ఆ నాలుగడుగుల్లో గాలి నా చెవుల పక్కనుంచి పోయింది. నాకు అప్పటిదాకా తెలియనిదేదో అప్పుడు తెలిసింది. నన్ను దించి ఆకుపచ్చదాని మీద కూర్చోబెట్టారు.

"అమ్మగారూ, గిదే తీస్కోండి. పిల్లలు జల్ది పెరుగుతరు. రెండేండ్లు పనికొస్తది" అన్నాడు సాయిబు.

డాక్టరమ్మకూ అదే సరైనదనిపించినట్టుంది. వంగి నా మొహంలోకి చూసి, "కాళ్ళు అందుతున్నాయా?" అని అడిగింది.

అందుతున్నాయి. మునివేళ్ళు నేలకు బాగానే ఆనాయి. నా కంటే రెండు వేళ్ళు ఎత్తున్న పిల్లకైతే నిక్షేపంగా సరిపోతుంది. కానీ నేను ఆ బూట్లలో వేళ్ళు ముడుచుకుని, కాలు కొంచెం పైకి లాగి, "అందుతలేవమ్మా" అన్నాను.

ఎందుకన్నానో అప్పుడే తెలుసు నాకు. సైకిలు నాది కాదని తెలుసు. కానీ ఆ పాప వచ్చాక ఎప్పుడైనా ఒకసారి, ఒక్కసారి, ఎక్కనిస్తుందేమో. అప్పుడు నా కాళ్ళకు అందేదైతే బాగుండు. అంతే నా ఆశ.

డాక్టరమ్మ ఇంకోసారి ఆకుపచ్చదాన్ని చూసి, "పడిపోతే కష్టం. నల్లదే ఇవ్వండి" అంది.

అప్పుడు తుంగభద్రకు అవతల ఇంగ్లీషు సర్కారు, ఇవతల నిజాం సర్కారు. ఆ ఒడ్డు నుంచి తెచ్చే సామాన్లు చూసి సుంకం వేయడానికి కరోడ్‌గిరి వాళ్ళని ఉండేవాళ్ళు. గద్వాల స్టేషన్‌లో దిగగానే ఎర్ర టోపీ జవాను ఒకడు సైకిలు దగ్గర ఆగాడు. నన్నూ, నా గౌనునూ, బూట్లనూ చూశాడు.

"ఎవరిదమ్మా గీ సైకిలు? గీ పిల్లదేనా?"

డాక్టరమ్మ అలసిపోయి ఉంది. "అవును, పిల్లదే" అంది.

జవాను చక్రం మీద సుద్దతో గీత గీసి పొమ్మన్నాడు. డాక్టరమ్మ ఏ పిల్ల గురించి అన్నదో నాకు తెలియంది కాదు. అయినా ఆ మాట నా లోపలికి దిగిపోయి అక్కడే కూర్చుంది. బండిలో దవాఖానకు వస్తున్నంతసేపూ సైకిలు హ్యాండిలు నా చేతుల్లోనే ఉంది.

ఇంటికి రాగానే గౌనూ బూట్లూ విప్పి ఇచ్చేయమంది అవ్వ. ఇచ్చేశాను. సైకిలును ఆ గదిలోనే మంచం పక్కన నిలబెట్టి దుప్పటి కప్పారు. రోజూ అవ్వ ఊడుస్తుంటే నేను తుడుస్తానని వెంట పోయేదాన్ని. దుప్పటి ఎత్తి గంట మీద నోటి ఆవిరి ఊది లంగా అంచుతో రుద్దేదాన్ని. అందులో నా మొహం వెడల్పుగా కనిపించేది.

పండుగ దగ్గరికొచ్చింది. దవాఖానకు సున్నం కొట్టారు. రంగు కాగితాలతో నక్షత్రం కట్టారు. డాక్టరమ్మ స్వయంగా కేకు చేసింది. అడుగున ఇసుక పోసిన గుండిగలో పళ్ళెం పెట్టి, మూత మీద నిప్పులు పోసి, పక్కనే పీట వేసుకుని కూర్చుంది. ఆ గుడ్ల వాసన, ఏలకుల వాసన వసారా అంతా నిండితే రోగులు కూడా లేచి కూర్చున్నారు. అవ్వ నాకోసం గరిజెలు వత్తింది. "మీ అమ్మకు గరిజెలంటే పానం" అని నాలుగు ఎక్కువే చేసింది.

పండుగకు మూడు రోజులుందనగా మా గేరి మనిషి ఒకతను చితికిన కాలివేలుతో దవాఖానకు వచ్చాడు. కట్ట పని నుంచి వచ్చాడు. నేను కట్టు గుడ్డలు అందిస్తూ అతని మొహం వైపే చూస్తున్నాను. అతను నా వైపు చూడకుండా అవ్వతో చెప్పాడు.

"మీ కొడుకూ కోడలూ ఇప్పుడు రారంట. మేస్త్రి ఇడుస్తలేడు. ఉగాదికి వస్తమని చెప్పమన్నరు."

"పానం మంచిగున్నరా?" అని అడిగింది అవ్వ.

"మంచిగనే ఉన్నరు."

అవ్వ పోయి నీళ్ళ కుండ కింద మంట ఎగదోసింది. నేను గదిలోకి పోయి ఆ దుప్పటి కిందికి దూరి, సైకిలు రెండు చక్రాల మధ్య కూర్చున్నాను.

పండుగ ముందురోజు మధ్యాహ్నం రైలుకు ఆ పాప దిగింది. నేను గేటు దగ్గర నిలబడి ఉన్నాను. బండి ఆగింది. ఫోటోలోని రెండు జడల పిల్ల కోసం నేను చూస్తుంటే, వోణీ వేసుకున్న పొడుగాటి అమ్మాయి దిగింది. ఆమె నా పక్కన నిలబడితే నా నెత్తి ఆమె భుజం దాకా కూడా రాలేదు. డాక్టరమ్మ మెట్లు దిగి వస్తూ వస్తూ మధ్యలో ఆగిపోయింది. కూతురు పెద్దదయిందని ఆ అమ్మమ్మ ఉత్తరాల్లో రాసే ఉంటుంది. చదవడం వేరు, ఎదురుగా చూడటం వేరు.

"ప్రయాణం బాగా జరిగిందా?" అని అడిగింది, రోగిని అడిగినట్టు.

"బాగానే జరిగిందమ్మా" అంది కూతురు. ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు మెట్లెక్కారు.

ఆ రాత్రి కూతురిని డాక్టరమ్మ తన గదిలోనే పడుకోబెట్టుకుంది. మరునాడు ప్రార్థన అయి వచ్చాక కూతురి గదిలో దుప్పటి తీశారు. అవ్వా నేనూ గడప దగ్గర నిలబడ్డాం.

ఆ అమ్మాయి సైకిలు వంక చూసి, తల్లి వంక చూసి, "నాకా?" అంది.

"అడిగావుగా."

"ఎప్పుడడిగానమ్మా?"

డాక్టరమ్మ తీసిన దుప్పటిని మడత పెట్టసాగింది. తల్లిని సంతోషపెట్టాలని కాబోలు, ఆ అమ్మాయి వోణీ దోపుకుని సీటు మీద కూర్చుంది. మోకాళ్ళు రెండూ పైకి లేచి హ్యాండిలుకు కొట్టుకున్నాయి. అట్లాగే ఒక క్షణం కూర్చుని, మెల్లగా దిగి, "చాలా బాగుందమ్మా" అంది.

"వార్డులో చూడాల్సిన వాళ్ళున్నారు" అని డాక్టరమ్మ బయటికి వెళ్ళింది. నేను వెనకే పోయాను. వార్డుకు పోలేదామె. మందుల గది పక్కనున్న తొట్టి దగ్గర నిలబడి సబ్బుతో చేతులు కడుక్కుంటోంది. కడిగి, మళ్ళీ సబ్బు రుద్ది, మళ్ళీ కడిగింది. అన్నిసార్లు కడుక్కోవలసినంత పని ఆ పొద్దున ఆమె చేయలేదు. అన్నం, మాంసం కూర, కేకు ముక్క, అన్నీ పెట్టారు నాకు ఆరోజు. అన్నీ అవ్వ పళ్ళెంలోకి తోశాను.

సాయంత్రం తీగల మీద గుడ్డలు తీస్తుంటే ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చింది.

"కర్నూలు వెళ్ళింది నువ్వేనా?"

"అవును పాపమ్మా."

"అక్కా అను. నా గౌను వేసుకుని వెళ్ళావట." కాసేపు ఆగి, "అమ్మ లెక్కలో నేనింకా నీ అంతే ఉన్నాను" అంది.

ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతు విని నేను దాచుకోలేకపోయాను. "అక్కా, పెద్దది ఒకటి ఉండె. అమ్మ అదే కొనేది. నేను కాళ్ళు అందుతలేవని అబద్ధం చెప్పిన."

"ఎందుకు?"

"ఒక్కసారి ఎక్కుదామని."

ఆమె తీగ మీది గుడ్డ ఒకటి తీసి మడత పెట్టింది. ఇంకొకటి తీసింది. "పెద్దదైనా నేను ఎక్కేదాన్ని కాదులే. వోణీ వేశాక అమ్మమ్మ వీధి గుమ్మం దాకా కూడా పోనివ్వదు, ఇక సైకిలా" అంది. తర్వాత, "అమ్మకు చెప్పకు" అంది.

ఆ మాటలు నిజంగానే అన్నదో, నా భయం చూసి అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత పది రోజులు ఆమె నాకు సైకిలు నేర్పింది. దవాఖాన వెనక, గుడ్డలు ఆరేసే ఖాళీ జాగాలో. సీటు వెనక పట్టుకుని, వోణీ నడుముకు బిగించుకుని పరుగెత్తేది. నేను పడితే తానూ పక్కన కూలబడేది. అలసిపోయి ఇద్దరం గోడ నీడన కూర్చుంటే మద్రాసు కబుర్లు చెప్పేది. సముద్రం పగలొక రకంగా, పొద్దుగూకాక ఒక రకంగా మోగుతుందని. అమ్మమ్మ శనివారం శనివారం నూనె పెట్టి తల గట్టిగా రుద్దుతుందని. లెక్కల్లో తనకే ఎక్కువ మార్కులని. బల్లి అంటే భయమని. ఒకసారి నేను తల తిప్పి చూస్తే కిటికీలో డాక్టరమ్మ తెల్లచీర కనిపించింది. మమ్మల్ని పిలవలేదు. తాను రాలేదు.

బావి దగ్గర ఆడవాళ్ళు అవ్వను ఊరుకోనిచ్చేవాళ్ళు కాదు. "ఆడపిల్లకు సైకిలేందక్కా? దొరలు జూస్తే ఏమంటరు?" అనేవాళ్ళు. అవ్వ నాకు గట్టిగా చెప్పింది. "గోడ లోపలే తొక్కు. గేటు దాటి పోయినవంటే కాళ్ళు ఇరగ్గొడత. మనం బతకాలె బిడ్డా గీ ఊర్లె." మా గేరి వాళ్ళు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచే వీధులవి. అవ్వ భయం ఉత్తది కాదు.

పదో రోజు ఆమె సీటు వదిలేసింది. నేను గోడ చివరిదాకా ఒంటరిగా పోయి ఆగి వెనక్కి చూస్తే దూరంగా చప్పట్లు కొడుతోంది. మరునాడు రైలెక్కి వెళ్ళిపోయింది. పోతూ సైకిలు నాకిచ్చేయమని తల్లితో చెప్పిందట. డాక్టరమ్మ "ఆడుకోనీ" అన్నది, ఇచ్చానని మాత్రం అనలేదు. పొద్దున అవ్వ గది ఊడ్చేటప్పుడు బయటికి తెచ్చుకుని, సాయంత్రం మళ్ళీ లోపల పెట్టేదాన్ని. గోడ వెంట చుట్టూ తిరిగేదాన్ని. వెనక పట్టుకునే చెయ్యి లేదు. పడితే లేచి, దులుపుకుని, మళ్ళీ ఎక్కేదాన్ని.

వారం పోయాక ఒక సాయంత్రం డాక్టరమ్మ మెట్ల మీద కూర్చుని నన్ను పిలిచింది.

"మా అమ్మాయి నీతో చాలా మాట్లాడేది కదా. ఏమేం చెప్పింది?"

నేను సముద్రం సంగతి చెప్పాను. ఆమె విన్నది. "ఇంకా?" అంది. నూనె సంగతి చెప్పాను. చిన్నగా నవ్వింది. నేను ఆమె నవ్వు చూడటం అదే మొదలు. మర్నాడు లెక్కల సంగతి. ఆ మర్నాడు బల్లి. రోజూ పనులయ్యాక, దీపాలు పెట్టే ముందు, మెట్ల మీద పై మెట్టున ఆమె, కింది మెట్టున నేను. నాలుగు రోజులకే నా చేతికి ఒక బిస్కెట్టు ఇవ్వడం, నా చెదిరిన జడ విప్పి మళ్ళీ అల్లడం కూడా మొదలయింది. అమ్మ పనికి పోయిన తర్వాత నా జడ అల్లినవాళ్ళు లేరు. అవ్వకు చేతులు వణికేవి.

చెప్పాల్సినవి ఎనిమిది రోజుల్లో అయిపోయాయి. తొమ్మిదో రోజు ఆమె "ఇంకా?" అంది. లేవంటే రేపు పిలవదు. అందుకని, "మీ చేతి కేకు లెక్క ఏడ తినలేదన్నది" అన్నాను. ఆమె చెయ్యి నా జడలో ఆగిపోయింది. "అన్నదా?" "అన్నదమ్మా."

అట్లా మొదలయింది. రోజుకొకటి కల్పించాను. మీ దగ్గర వచ్చే సబ్బు వాసన తనకిష్టమన్నదని ఒకరోజు. మీరు రాత్రిళ్ళు కూడా రోగుల కోసం లేస్తారని స్నేహితురాళ్ళకు చెబుతానన్నదని ఇంకోరోజు. ఉగాదికి అమ్మా నాయనా వచ్చారు. గుడిసె మీద కొత్త గడ్డి కప్పారు, ఎనిమిది రోజులుండి మళ్ళీ మేస్త్రి వెంట పోయారు. అమ్మ నన్ను కూడా రమ్మంది కానీ, "ఈడుంటే నాలుగక్షరాలు నేర్చుకుంటది, ఉండనీ" అని నాయన వద్దన్నాడు. వాళ్ళు పోయిన సాయంత్రం నేను కింది మెట్టు మీద కూర్చుని, డాక్టరమ్మ అడగకముందే అన్నాను.

"ఎండాకాలం సెలవులకు ఈడికే రావాలని ఉందన్నదమ్మా. మీరు పిలుస్తలేరని, తానే అడిగితే మంచిగుండదని అన్నది."

"ఇక్కడ ఈ ఎండల్లో, ఈ రోగుల మధ్య తనకేం తోస్తుందని నేను పిలవలేదు" అంది డాక్టరమ్మ. ఆ మాట నాతో అన్నట్టు లేదు. మర్నాడు పొద్దున్నే ఉత్తరం రాసి టపాకు పంపింది. అందులో నా మాట కూడా రాశానని అవ్వతో చెప్పిందట. అది చూసి ఆ అక్క, నేనట్లా అనలేదని తిరిగి రాస్తే? నెల రోజులు టపా మనిషి గేటు దగ్గర కనిపిస్తే చాలు, కొట్టంలోకి పోయి దాక్కునేదాన్ని.

జవాబు రాలేదు. ఒకనాడు మధ్యాహ్నం రైలుకు ఆమే వచ్చింది. తల్లి మెట్లు దిగింది. ఈసారి మధ్యలో ఆగలేదు.

సాయంత్రం ఆమె నన్ను వెతుక్కుంటూ తీగల దగ్గరికి వచ్చింది. నేను తల దించుకున్నాను.

"నేనెప్పుడన్నాను నీతో అట్లాగ?"

"అనలేదక్కా."

"మరి?"

కాలివేలితో మట్టిని గీస్తూ నిలబడ్డాను. ఆమె నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి, కోపం లేదు.

"అనలేదు. అనుకున్నాను" అంది.

ఇక ఆ వేసవంతా తల్లీ కూతుళ్ళు సాయంత్రాలు మెట్ల మీద కూర్చునేవాళ్ళు. ఇద్దరి మధ్యా మాట ఆగకుండా సాగేది. కూతురు ఒకసారి ఏదో అంటే డాక్టరమ్మ పెద్దగా నవ్వింది, వసారాలోని రోగులు తిరిగి చూశారు. సెలవులయ్యాక కూతురు మద్రాసు పోలేదు. కర్నూలు బడిలో చేరి, వారం వారం ఇంటికి వచ్చేది. నన్ను వాళ్ళు తరిమేయలేదు, ఎన్నడూ ఒక కఠినమైన మాట అనలేదు. సైకిలు కూడా నాకే వదిలేశారు. నా చదువుకూ తర్వాత వాళ్ళే దారి చూపారు. కానీ కింది మెట్టు మీద నాకు పని లేకుండా పోయింది. ఎవరూ "ఇంకా?" అని అడగలేదు. నా జడ మళ్ళీ అవ్వ వణికే చేతుల్లోకి వచ్చింది.

నేను గోడ వెంట సైకిలు తొక్కుకుంటూ తిరిగేదాన్ని. మెట్లకు ఎదురుగా వచ్చినప్పుడు కాస్త నెమ్మది చేసేదాన్ని, వాళ్ళ మాటలు ఒకటో రెండో చెవిన పడేవి. మూలమలుపు తిరిగాక వినిపించేవి కావు. ఆ చుట్టు పూర్తి చేసి మళ్ళీ వాళ్ళ ముందుకు వచ్చేసరికి మాట ఎక్కడికో పోయి ఉండేది. నేను చేసిన పనికి నాకు సంతోషంగానే ఉండేది. ఆ సంతోషంలో నాకు కూర్చునే చోటు లేదని మాత్రం ఆ పదేళ్ళ వయసులోనే తెలిసింది. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరు.